స్పర్శకోణం ఒక్కటే చాలదు

నీరు అంటని పూతల మీది వ్యాసంలో, నీటిబొట్టు స్పర్శకోణం (బొట్టు అంచు లోపలివైపు తలంతో చేసే కోణం; ఎక్కువైతే బొట్టు గుండ్రంగా నిలుస్తుంది) 150 డిగ్రీలు దాటితే పూత సిద్ధమైనట్టేనని రాశారు. అది సగం పరీక్షే. పలకను 10 డిగ్రీలు వాల్చేలోపే బొట్టు దొర్లిపోవాలి కూడా. గులాబీ రేకు మీద బొట్టు గుండ్రంగానే ఉంటుంది, కానీ తలకిందులు చేసినా వదలదు.

నునుపైన తలం మీద నీటిని వికర్షించే ఎంత మంచి ఫ్లోరిన్ రసాయనం పూసినా కోణం సుమారు 120 దగ్గరే ఆగుతుంది. మిగతాది గరుకుదనమే తెచ్చిపెట్టాలి, అదీ రెండు స్థాయిల్లో: తామరాకు మీద మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతుల) బొడిపెలు, వాటిపై నానో పరిమాణపు మైనపు గొట్టాలు ఉన్నట్టు.

అల్యూమినియం మీదైతే ఫ్లోరిన్ అక్కర్లేదు. అసిటోన్‌తో జిడ్డు తీసి, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచితే మైక్రాన్ స్థాయి మెట్లు ఏర్పడతాయి. హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి దగ్గర్లో మంట ఉండకూడదు. బాగా కడిగి, మరిగే డిస్టిల్డ్ వాటర్‌లో 10–20 నిమిషాలు ఉంచితే సన్నని బోమైట్ (అల్యూమినియం ఆక్సైడ్-హైడ్రాక్సైడ్) రేకులు పుడతాయి. కుళాయి నీళ్లు వాడొద్దు, అందులోని సిలికేట్లు ఆ పెరుగుదలను అడ్డుకుంటాయి. ఆరాక, నీటిని వికర్షించే పొర కోసం 1 శాతం స్టియరిక్ ఆమ్లం (ఒక కొవ్వు ఆమ్లం) కలిపిన ఇథనాల్‌లో కొన్ని గంటలు ఉంచి, తీశాక శుభ్రమైన ఇథనాల్‌తో తప్పక కడగాలి. లేదంటే మిగులు ఆమ్లం తెల్లగా పేరుకుని సందులు పూడ్చేస్తుంది.

అసలు బలహీనత గాలిలోని ఆవిరి చల్లని పలక మీద మంచుబిందువులుగా పట్టినప్పుడు బయటపడుతుంది. వాన చినుకును సందుల్లోని గాలి పైనే ఆపుతుంది. ఆవిరి ఆ సందుల్లోనే నీరైతే గాలికి చోటుండదు, బొట్టు అతుక్కుపోతుంది. వేలితో గట్టిగా రుద్దినా రేకులు విరుగుతాయి. అందుకే పలకను చల్లబరిచి చెమ్మ పట్టించాక, అరగదీశాక బొట్టు దొర్లే వాలుకోణం మళ్లీ కొలిచి ఆ అంకెలూ ఇవ్వాలి.