ఒకటో తారీఖు దాటితే దిక్కెవరు?

అక్టోబరు 1 వయోవృద్ధుల దినోత్సవం. ఆంధ్రప్రదేశ్‌లో పింఛన్ల పంపిణీ జరిగేదీ ఒకటో తారీఖునే. పొద్దున్నే గుమ్మంలో నిలబడి అవ్వ చేతిలో నోట్లు పెడుతూ ఫొటోలు, మధ్యాహ్నం సభలో శాలువాలు. ఏటా ఇదే తంతు. మర్నాడు ఆ అవ్వ తలుపు తట్టేదెవరు? మూడో తారీఖున? ఇరవయ్యో తారీఖున? ఈ ప్రశ్నకు వెలగపూడిలోని రాష్ట్ర సచివాలయంలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

వాలంటీర్ల కథ అందరికీ తెలిసిందే. ప్రభుత్వ సేవలను గడప దాకా చేర్చడానికి 2019 ఆగస్టు 15న జగన్ ప్రభుత్వం వాళ్లను యాభై ఇళ్లకొకరు చొప్పున, నెలకు రూ.5,000 గౌరవ వేతనంతో తెచ్చింది. ఆ పిల్లలు చేసిన పనిలో పింఛను ఒక భాగం మాత్రమే. మంచం దిగలేని తాత అరిగిపోయిన వేళ్లను తడిగుడ్డతో తుడిచి, వేలిముద్ర పడేదాకా మళ్లీ మళ్లీ యంత్రం మీద పెట్టించింది వాళ్లే. ‘అబ్బాయ్, ఈ మెసేజ్ ఏంటో చూడు’ అంటే చదివి చెప్పిందీ వాళ్లే. పిల్లలు బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్న ఇంట్లో, ఊళ్లో పేరు పెట్టి పిలిచి పని చెప్పగలిగిన మనిషి ఒకడున్నాడన్న ధైర్యం చిన్నదేం కాదు.

ఆ ధైర్యాన్ని పార్టీలే చేజేతులా చంపాయి. అప్పటి అధికార పక్షం వైసీపీ వాళ్లను తన సొంత సైన్యంగా చూసింది. ఎన్నికల ముంగిట వాళ్లు వేల సంఖ్యలో రాజీనామా చేసి ప్రచారంలో దిగారు. నగదు పంపిణీకి వాలంటీర్లను దూరంగా ఉంచమని 2024 మార్చి 30న ఎన్నికల సంఘం ఆదేశిస్తే, ఏప్రిల్ ఎండలో ముసలివాళ్లు పింఛను కోసం గ్రామ, వార్డు సచివాలయాల ముందు పడిగాపులు పడ్డారు. మంచాల మీద మోసుకొచ్చినవాళ్లున్నారు. ప్రాణాలు పోయాయన్న వార్తలూ వచ్చాయి. ఆ చావుల మీద కూడా రెండు పక్షాలూ ఓట్లు లెక్కేసుకున్నాయి. వాలంటీర్లను కొనసాగిస్తాం, రూ.10,000 ఇస్తామని ఆ ఉగాదికి మాటిచ్చిన తెలుగుదేశం వాళ్లు, గద్దెనెక్కాక అసలు ఆ వ్యవస్థే మనుగడలో లేదన్నారు. 2023 ఆగస్టు తర్వాత పాత ప్రభుత్వం పొడిగించలేదట. ఆ సంగతి ఉగాది నాడు గుర్తురాలేదా?

వాలంటీర్లు లేకుండానే సచివాలయ సిబ్బంది ఇంటికెళ్లి రూ.4,000 ఇస్తున్నారు కదా అని ప్రభుత్వం అంటోంది. నిజమే, మెచ్చుకోవాల్సిందే. కానీ అది ఒక్క రోజు పని. డబ్బు చేతికిస్తే బాధ్యత తీరిపోయిందనుకోవడమే మా అభ్యంతరం. బీపీ మాత్రలు అయిపోతే ఆ నోట్లు మెడికల్ షాపుకు నడిచి వెళ్లవు. కళ్లలో చుక్కలు వేయవు. ఒంట్లో బాగోక రెండు రోజులుగా పొయ్యి వెలిగించలేదని ఎవరికీ చెప్పవు. వృద్ధుల సాయానికి 14567 ఎల్డర్‌లైన్ ఫోను నంబరు ఉంది, మంచిదే. ఫోను చేయగలిగినవాళ్లకు.

రాష్ట్రం ముసలిదైపోతోంది, ఎక్కువమంది పిల్లల్ని కనండని ముఖ్యమంత్రి చంద్రబాబు పదే పదే చెబుతున్నారు. స్థానిక ఎన్నికల్లో పోటీకి ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను 2024లో తీసేశారు కూడా. రేపటి వృద్ధుల గురించి అంత కలత ఉన్న ప్రభుత్వానికి, ఇవాళ్టి వృద్ధులు నెలలో ఒక్కరోజే ఎందుకు కనిపిస్తున్నారు?

కేరళను చూడండి. కోజికోడ్‌లో 1993లో మొదలైన పాలియేటివ్ కేర్ (నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే సేవ) ఉద్యమం ఇరుగుపొరుగు వాళ్లనే కార్యకర్తలుగా తయారుచేసింది. నర్సుతో పాటు వాళ్లూ ఇంటికెళ్తారు. పుండుకు కట్టు ఆమె కడితే, ఇంట్లో బియ్యం ఉన్నాయా లేదా వీళ్లు చూస్తారు, కాసేపు కూర్చుని కబుర్లు చెబుతారు. 2008లో ప్రభుత్వం దాన్ని విధానంగా ప్రకటించి స్థానిక సంస్థలకు బాధ్యత అప్పగించింది. మనకు డ్వాక్రా సంఘాలున్నాయి, రిటైరైన మాస్టార్లున్నారు, కాలేజీల్లో ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలున్నారు. ఊరికి పదిమందిని పోగుచేసి, ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంతో శిక్షణ ఇప్పించి, ఒంటరిగా ఉన్న వృద్ధులకు వారానికి రెండుసార్లు తోడుగా పంపడానికి అడ్డేంటి? దారి ఖర్చులు పంచాయతీ పెట్టుకోవచ్చు. రెండు షరతులు మాత్రం తప్పనిసరి: వాళ్ల చేతికి పథకాల డబ్బు ఇవ్వకూడదు, ఇంటి వివరాల జాబితాలు పార్టీ ఆఫీసులకు చేరకూడదు. ఈ రెండూ పాటించకపోతే మళ్లీ పాత కంపే.

అలా చేస్తే తమకేం లాభమని పార్టీలు ఆలోచిస్తాయని మాకు తెలుసు. పోలింగ్ రోజు ఏ వీధిలో ఏ ముసలామె మంచంలో ఉందో బూత్ కార్యకర్తకు కంఠతా ఉంటుంది. ఆటో పెట్టి, రెక్క పట్టి, కుర్చీలో మోసి మరీ తీసుకెళ్తారు. అదే మనిషిని కంటి ఆస్పత్రికి తీసుకెళ్లమంటే ఒక్కరూ దొరకరు. ఎన్నికలప్పుడు ఇంటింటి లెక్క తెలిసిన నాయకులు, మిగతా రోజుల్లో మాకు తెలియదంటే ఎవరు నమ్ముతారు? సిగ్గుపడండి. సిగ్గుపడి, వచ్చే ఒకటో తారీఖు లోపు ఊరూరా ఒంటరి వృద్ధుల జాబితా రాయించండి.