కమోడ్ ఊగుతోంది: మనమే బిగిద్దామా, ప్లంబర్‌ని పిలుద్దామా?

కూర్చుంటే కమోడ్ కాస్త ఊగుతోంది. దాని చుట్టూ నేల ఎప్పుడు చూసినా చెమ్మే. ఫ్లష్ చేశాక ట్యాంకులో సన్నటి నీళ్ల చప్పుడు ఎంతసేపటికీ ఆగడం లేదు. అక్కాతమ్ముళ్లు ఈ మూడింటి గురించే వాదించుకున్నారు. తమ్ముడికి చేతిపని వచ్చు, సొంతంగా చేసుకుందామంటాడు. దగ్గర్లో ఉండే ప్లంబర్‌ని పిలవాలని అక్క పట్టు.

తమ్ముడు: స్పానర్ ఉంది, టెఫ్లాన్ టేపు ఉంది. ఒక్క ఆదివారం కూర్చుంటే అయిపోతుందక్కా. ప్లంబర్ గంటలో వస్తానంటాడు, మూడో రోజుకి కనిపిస్తాడు. వాషర్ మారిస్తే సరిపోయేదానికి ట్యాంకే మార్చాలంటాడు.

అక్క: ట్యాంకు నీకే వదిలేస్తాను. మూత తీస్తే లోపలున్నవన్నీ కంటికి కనిపిస్తాయి. కానీ ఏదీ విప్పకముందే లీకు ఎక్కడో తేల్చుకో. నీటి మట్టం ఓవర్‌ఫ్లో గొట్టం అంచుదాకా వచ్చి అందులోకి పోతోందంటే, నిండగానే నీళ్లు ఆపాల్సిన ఫ్లోట్ వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదు. మట్టం అంచుకి కిందే ఉంటే ట్యాంకులో వంటకి వాడే రంగు నాలుగు చుక్కలు వెయ్యి. అరగంట ఎవరినీ ఫ్లష్ చెయ్యనివ్వకు. కమోడ్‌లోకి రంగు దిగిందా, ట్యాంకు అడుగున వాషర్ పోయినట్టే.

తమ్ముడు: నేననేదీ అదే కదా! నిమిషానికి లీటరు కారినా రోజుకి 1,440 లీటర్లు. మూడు రోజులు ప్లంబర్ కోసం ఎదురుచూస్తే ఎన్ని నీళ్లు పోతాయో లెక్కేసుకో.

అక్క: ట్యాంకుకి నీళ్లొచ్చే కుళాయి, అదే యాంగిల్ కాక్, మూసేసి బకెట్టుతో పోసుకుంటే చుక్క కూడా పోదు. ట్యాంకు నీదే అన్నాను కదరా. నా భయమంతా కమోడ్ అడుగు గురించి.

తమ్ముడు: అడుగున ఉండేవి రెండు బోల్టులు. వదులయ్యాయి, బిగిస్తాను.

అక్క: అది పింగాణీ. ఒకవైపు గట్టిగా తిప్పితే పుటుక్కున పగులుతుంది. అటు కాస్త, ఇటు కాస్త బిగించుకుంటూ రావాలి. పోనీ, పగలకుండానే బిగించావనుకుందాం. నేల ఎందుకు చెమ్మగా ఉంది? కమోడ్ మూతికీ నేలలోని పైపుకీ మధ్య సీలు ఉంటుంది. ఊగి ఊగి అది చెదిరిందంటే ఫ్లష్ చేసినప్పుడల్లా మురుగు కొంచెం టైల్స్ కిందికి పోతుంది. బోల్టు బిగిస్తే ఊగడం ఆగుతుంది గానీ కారడం ఆగదు.

తమ్ముడు: చుట్టూ సిలికాన్ పూసేస్తే?

అక్క: అప్పుడు చెమ్మ మనకి కనిపించదు, అంతే. బయటికి దారి లేక ఆ నీళ్లు కింది ఇంటి సీలింగ్‌లోకి దిగుతాయి. మన తప్పుకి వాళ్ల గోడలు నానాలా? కమోడ్ ఎత్తాలి, పాత సీలు గీకెయ్యాలి, పైపు మూతి పగిలిందేమో చూడాలి, కొత్త సీలు మీద మళ్లీ నిటారుగా కూర్చోబెట్టాలి. అంత బరువు ఒక్కడివే ఎత్తి, చూపు అందని చోట మూతి సరిగ్గా కూర్చోబెట్టగలవా?

(అక్క మాట నిజం. ట్యాంకులో పొరపాటు జరిగితే ఆ క్షణమే తెలుస్తుంది. నేల కింద జరిగిన పొరపాటు నెలల తరబడి బయటపడదు. నా దృష్టిలో ఈ వాదనకి అసలు గీటురాయి ఇదే.)

తమ్ముడు: ఎలాగూ ఎత్తుతున్నాం కాబట్టి కొత్తదే పెట్టించేద్దాం. ఇప్పుడొచ్చేవాటిలో పెద్ద బటన్‌కి 6 లీటర్లు, చిన్నదానికి 3 లీటర్లే. ఒకటి చూసి పెట్టాను, ఇవాళే ఆర్డర్ పెడతాను.

అక్క: కొలత తీశావా?

తమ్ముడు: బాత్రూం కొలతలా?

అక్క: కాదు. టైల్స్ వేసి ఉన్న గోడ నుంచి నేలలోని పైపు నడిమధ్యకి ఎంత దూరమో చూడాలి. పైపు నేలలోకి పోయే ఎస్-ట్రాప్ రకం అయితే కొన్నింటికి 9 అంగుళాలు, కొన్నింటికి 12 కావాలి. పి-ట్రాప్‌కి పైపు గోడలోకి పోతుంది, అది వేరే రకం. కొలత తప్పితే గోడ అడ్డొచ్చి కమోడ్ కూర్చోనే కూర్చోదు, లేదంటే వెనక బెత్తెడు ఖాళీ మిగులుతుంది. వంకర కనెక్టర్ వేసి సర్దితే ఆ వంపులోనే అడ్డుపడుతుంది. ప్లంబర్ చూశాకే కొనాలనేది ఇందుకే. ఇంకోటి, ఫ్లష్ చేసినప్పుడు దగ్గర్లో నేల మీది నీళ్లు పోయే జాలీలో గడగడమని చప్పుడొస్తోంది, విన్నావా?

తమ్ముడు: విన్నాను. నీళ్లు కూడా మెల్లగా దిగుతున్నాయి.

అక్క: అయితే తేడా మురుగు లైన్లోనో, దానికి గాలి ఆడించే గొట్టంలోనో ఉండొచ్చు. ఎంత మంచి కమోడ్ తెచ్చినా అది పోదు. ట్రాప్‌లో, అంటే కమోడ్ అడుగున ఉండే వంపులో, రెండు అంగుళాల నీళ్లు నిలిచి ఉంటేనే మురుగు వాసన ఇంట్లోకి రాదు. గాలి ఆడకపోతే ఆ నీళ్లని లైను లాగేసుకుంటుంది.

తమ్ముడు: అందుకే నిన్న రాత్రి యాసిడ్ పోశాను.

అక్క: ఏంటీ? దాని మీద బ్లీచింగ్ కూడా వేశావా?

తమ్ముడు: లేదు, యాసిడ్ ఒక్కటే.

అక్క: బతికించావు. రెండూ కలిస్తే క్లోరిన్ పుడుతుంది, ఆ ఇరుకు గదిలో ఊపిరాడదు. రేపు ఆ నీళ్లలో చెయ్యి పెట్టేది ప్లంబరేరా. అతని చర్మం కాలినా, కళ్లలో పడినా పాపం మనదే.

తమ్ముడు: (కాసేపు మాట్లాడలేదు) నిజమే, అది నేను ఆలోచించలేదు. సరే, పిలుద్దాం. కానీ బిల్లు ఉండదు, గ్యారంటీ ఉండదు. రేపు మళ్లీ కారితే ఎవర్ని అడగాలి?

అక్క: దగ్గర్లో ఉండేవాణ్ణే అడగగలం. చుట్టుపక్కల నాలుగిళ్లలో పని చేసుకోవాలి, పేరు పోగొట్టుకోడు. పైగా ఇక్కడి లైన్లు ఎటు పోతున్నాయో అతనికి తెలుసు. నీ అనుమానం తప్పని అనను. పని మొదలవకముందే ఏ సామాను, ఎంత కూలి, మళ్లీ కారితే ఎన్నాళ్లలోపు ఉచితంగా చేస్తాడో కాగితం మీద రాయించుకో. తీసేసిన పాత సామాను చూపించమను. పదిసార్లు ఫ్లష్ చేసి, కమోడ్ చుట్టూ, యాంగిల్ కాక్ కింద పొడి కాగితం పరిచి చూడు. కొంత డబ్బు మర్నాడు పొద్దున ఆ కాగితం పొడిగా ఉంటేనే ఇస్తామని ముందే చెప్పు.

తమ్ముడు: ఆఖర్లో డబ్బు పట్టి ఉంచితే అతనికి కోపం రాదా?

అక్క: ముందే చెబితే రాదు. పని అయ్యాక చెబితే వస్తుంది, రావాలి కూడా.

తమ్ముడు: పని జరుగుతున్నంతసేపూ నేను పక్కనే ఉంటాను. సీలు ఎలా వేస్తాడో చూడాలి.

అక్క: ఉండు, నేర్చుకో. కాకపోతే ప్రతిదానికీ అడ్డుపడకు.

తమ్ముడు: ట్యాంకు వాషర్ మాత్రం నేనే మారుస్తాను.

అక్క: మార్చుకో. ముందు అతనికి ఫోన్ చెయ్యి. చెయ్యగానే యాసిడ్ పోసిన సంగతి చెప్పు.