బ్యాటరీ అమ్మేవారికి చార్జింగ్ సంగతి పట్టదా?

నిన్న సాయంత్రం హనుమకొండలోని ఒక బ్యాటరీ దుకాణంలో విన్న మాట నాకు ఇంకా మింగుడు పడటం లేదు. మా మేనల్లుడు కొచ్చిలో ఒక తెరచాప పడవ మీద పని చేస్తాడు. పడవలోని పాత లెడ్ యాసిడ్ బ్యాటరీలు తీసి లిథియంవి వేయాలని యజమాని అనుకుంటున్నాడట. సెలవు మీద ఇంటికి వచ్చాడు కనుక, ధరలు కనుక్కుందామని నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. దుకాణదారు వంద ఆంపియర్ అవర్ పెట్టె ఒకటి బల్ల మీద పెట్టి, "గదే సైజు సార్, గవే టర్మినళ్లు. పాతది తీసుడు, కొత్తది పెట్టుడు, గంతే" అన్నాడు. మరి ఇంజను తిరిగేటప్పుడు కరెంటు పుట్టించి బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ సంగతేమిటని నేనడిగితే, "దానికీ దీనికీ ఏం సంబంధం సార్, పన్నెండు వోల్టులు యాడైనా పన్నెండు వోల్టులే" అంటూ మరో గిరాకీ వైపు తిరిగాడు.

సంబంధం ఉంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు పాఠాలు చెప్పి బతికినవాణ్ణి, ఈ మాట విని ఊరుకోలేను. పడవ ఇంజనుకు బెల్టుతో తిరిగే ఆల్టర్నేటర్‌ను లెడ్ యాసిడ్ బ్యాటరీ కోసం తయారు చేశారు. ఆ బ్యాటరీ నిండే కొద్దీ తీసుకునే కరెంటును తానే తగ్గించుకుంటుంది కనుక, ఆల్టర్నేటర్‌కు కాసేపట్లోనే ఊపిరి దొరుకుతుంది. పడవల్లో వేసే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అలా కాదు. లోపలి నిరోధం చాలా తక్కువ కావడంతో, బీటలు వారిన చెరువు తొలకరి నీటిని మింగినట్టు, ఇచ్చినంతా తీసుకుంటుంది, దాదాపు నిండేదాకా తీసుకుంటూనే ఉంటుంది. రేవులో నెమ్మదిగా తిరిగే ఇంజను మీద ఆల్టర్నేటర్ ఫ్యాను కూడా నెమ్మదిగానే తిరుగుతుంది కనుక, వేడి పోయే దారి లేక దాని లోపలి రాగి తీగ చుట్టల మీది పూత మాడిపోతుంది.

అంతకన్నా ఘోరమైనది మరొకటుంది. లోపలి నాలుగు సెల్లలో ఏ ఒక్కటి హద్దు దాటినా, ఆ పెట్టెలోని రక్షణ సర్క్యూట్, అందరూ బీఎంఎస్ అనేది, బ్యాటరీని ఒక్కసారిగా తెంపేస్తుంది. తెంపడం దాని ధర్మం, తప్పు పట్టలేము. కానీ అప్పటిదాకా పూర్తి కరెంటు పోస్తున్న ఆల్టర్నేటర్‌కు ఆ క్షణంలో పోసే చోటు లేక వోల్టేజీ ఎగసిపడుతుంది, దాని లోపల కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్లు పోతాయి, వాటితో పాటు ఆ తీగల మీదే ఉన్న రేడియో, జీపీఎస్, దారి పట్టి నడిపే యంత్రం కూడా పోవచ్చు. తీరం కనబడని చోట రాత్రిపూట రేడియో పోవడమంటే ఏమిటో ఆ దుకాణదారు ఒక్కసారైనా ఆలోచించాడా? 2017 సెప్టెంబరు నుంచి 2018 మే దాకా ఆరుగురు నౌకాదళ మహిళలు తారిణి అనే తెరచాప పడవలో భూగోళం చుట్టి వచ్చినప్పుడు, వారిలో ఇద్దరు తెలుగువారని మనమంతా గర్వపడ్డాం. అటువంటి పడవలో కరెంటు పోతే మెకానిక్‌ను పిలవడానికి ఉండదు, నిప్పంటుకుంటే ఫైరింజను రాదు.

దీనికి పరిష్కారం లేదా అంటే, చక్కగా ఉంది. ఆల్టర్నేటర్‌ను ఇంజను స్టార్టు చేసే లెడ్ బ్యాటరీకే వదిలేసి, దాని నుంచి లిథియం బ్యాటరీకి డీసీ టు డీసీ చార్జర్ ద్వారా, కొలిచినంత కరెంటే పంపాలి. లేదంటే ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటును అదుపు చేసే, వేడిని కనిపెట్టే సెన్సారు ఉన్న బయటి రెగ్యులేటర్ పెట్టి, బీఎంఎస్ తెంపే ముందే దానికి సంకేతం అందేలా చేయాలి. రేవులో కరెంటుకు పెట్టే చార్జర్‌లో లిథియం అమరిక ఉండాలి, అంటే 14.2 నుంచి 14.6 వోల్టుల దాకా పోయి ఆగాలి. లెడ్ బ్యాటరీని శుభ్రం చేయడానికి 15 వోల్టులు దాటించే ఈక్వలైజ్ పద్ధతి దీని దగ్గరికి రాకూడదు. పాజిటివ్ టర్మినల్ పక్కనే పెద్ద షార్టును కూడా తెంపగల క్లాస్ టీ రకం ఫ్యూజు ఉండాలి, ఎందుకంటే ఈ బ్యాటరీ షార్టయితే వేల ఆంపియర్లు పారుతాయి, మామూలు ఫ్యూజు కాలిపోయినా నిప్పురవ్వ మధ్యలో నిలిచి కరెంటు పారుతూనే ఉంటుంది. బీఎంఎస్ తెంపే ముందు పడవ నడిపేవారికి హెచ్చరిక అందాలని పడవల భద్రతా ప్రమాణాలు రాసే అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ 2022లో ఈ-13 అనే ప్రమాణంలోనే రాసింది. ఇందులో రహస్యమేమీ లేదు, అమ్మేవారికి చదివే ఓపిక ఉంటే చాలు.

ఆ పెట్టెను తిప్పి చూశాను. 12.8 వోల్టులని, వంద ఆంపియర్ అవర్ అని పెద్ద అక్షరాలతో ఉంది. ఎంత కరెంటుతో చార్జ్ చేయవచ్చో లేదు, ఎంత వేడి దాటితే చేయకూడదో లేదు. పక్కన పెట్టిన చార్జర్ తీగల చివర, టర్మినల్‌కు బిగించే లోహపు లగ్గును సరైన పనిముట్టుతో కాకుండా కటింగ్ ప్లేయరుతో నొక్కి, పైన నల్ల టేపు చుట్టారు. నొక్కిన చోట రాగి పోగులు రెండు బయటికి వచ్చి ఉన్నాయి. వదులైన లగ్గు దగ్గరే వేడి పుడుతుందని మా ట్రేడులో చేరిన కుర్రవాడికి కూడా మొదట చెప్పే పాఠం. చాలా సెల్లకు చార్జింగ్ హద్దు 45 డిగ్రీలే. మే నెలలో మన వరంగల్ మధ్యాహ్నపు ఎండే దాని దగ్గరికి పోతుంది, ఇక పడవలో ఇంజను పక్కన మూసిన అరలో ఎంతుంటుందో వేరే చెప్పాలా?

ఇది పడవ వాళ్ల గొడవ, మనకెందుకని అనుకునేవారు ఒక్కసారి నిజామాబాద్‌ను గుర్తు తెచ్చుకోవాలి. 2022 ఏప్రిల్‌లో అక్కడ ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీని ఊడదీసి, ఇంట్లో మనుషులు నిద్రపోయే గదిలో రాత్రి చార్జింగ్‌కు పెడితే, అది పేలి ఒక ముసలాయన ప్రాణం పోయింది. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ ఉన్న హోటల్‌లో మంటలు లేచి ఎనిమిది మంది పోయారు. ఆ ఏడాది ప్రమాదాల తర్వాతనే కేంద్రం ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 నిబంధనలను గట్టిపరిచింది. నిబంధన బండికి వచ్చింది సరే, పాత ఇన్వర్టర్‌కు ఏ అమరికా మార్చకుండా లిథియం పెట్టె తగిలించి పోయే దుకాణాలకు మాత్రం ఏ మార్పూ రాలేదు. మా అపార్టుమెంటులో ఇప్పటికీ మెట్ల కింద ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద రాత్రంతా బండ్లు చార్జింగ్‌లో ఉంటాయి. మంట లేస్తే పైవాళ్లు దిగడానికి ఉన్న దారి అదొక్కటే. ఎన్నిసార్లు చెప్పినా, "ఇన్ని రోజులు ఏం గాలేదు కదా సార్" అనే జవాబు. పడవలో కిందిగదికి కూడా మెట్లు ఒకవైపే ఉంటాయి, ఆ మెట్ల కిందనే ఇంజను ఉండే పడవలు చాలా ఉన్నాయి.

ఐరన్ ఫాస్ఫేట్ రకం మిగతా లిథియం రకాలకన్నా నిప్పంటుకునే ప్రమాదం తక్కువైనదన్న మాట నిజమే, పడవలకు దాన్నే ఎంచుకునేది అందుకే. అది మంచి బ్యాటరీ, నేను దానికి వ్యతిరేకిని కాను. ఆ మంచితనాన్ని చూపించి చార్జింగ్ ఏర్పాటును ఎగ్గొట్టే అమ్మకం మీదే నా కోపం. చేతికి పెట్టె ఇచ్చి, డబ్బు తీసుకుని, "మీ ఏర్పాటుకు ఇది ఇప్పుడున్నట్టుగా పనికిరాదు" అన్న ఒక్క వాక్యం దాచుకోవడం మోసం కాక మరేమిటి?

మేనల్లుణ్ణి ఆ బ్యాటరీ కొననివ్వలేదు. కంపెనీ డేటాషీటు, చార్జింగ్ కరెంటు హద్దు, బీఎంఎస్ తెంపే వోల్టేజీ, ఈ మూడూ కాగితం మీద ఇస్తేనే మళ్లీ వస్తామని దుకాణదారుకు చెప్పి వచ్చాను. హనుమకొండలోనైనా, కరీంనగర్‌లోనైనా, మంచిర్యాలలోనైనా, పడవకైనా ఇంటికైనా లిథియం కొనేవారు దయచేసి ఆ మూడింటినీ అడగండి, ఇవ్వకపోతే కొనకండి. ఆదివారం మా అపార్టుమెంటు సంఘం సమావేశం ఉంది. మెట్ల కింది బోర్డు తీసేసి, బయటి గోడ దగ్గర విడిగా ఎంసీబీ, అంటే కరెంటు హద్దు దాటితే తానే పడిపోయే స్విచ్చి, పెట్టి చార్జింగ్ చోటు కట్టించేదాకా అక్కడి నుంచి లేచేది లేదు.