56 రాకపోతే మోడెమ్ పారేయాలా?

పాత కంప్యూటర్లను ఇంకా డయల్-అప్‌తో, అంటే టెలిఫోన్ లైన్‌కు మోడెమ్ అనే పరికరం తగిలించి ఇంటర్నెట్‌తో, నడిపేవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. "56కె మోడెమ్ 56 దగ్గర కనెక్ట్ కాకపోతే పాడైనట్టే. పోర్ట్ స్పీడ్ 115200 చేస్తే వేగం పెరుగుతుంది. విండోస్ దాచుకున్న 20 శాతం ఇంటర్నెట్ వేగం వెనక్కి తీసుకోండి. 'నో డయల్ టోన్' వస్తే మోడెమ్ కాలిపోయింది, మార్చేయండి." ఇదీ దాని సారం. ఈ మాటలు నమ్మి బాగున్న మోడెమ్‌లు పారేస్తున్నారు.

మొదట ఆ 56 సంగతి, అంటే సెకనుకు 56 కిలోబిట్ల వేగం. మోడెమ్‌ల కోసం 1998లో వచ్చిన వి.90 ప్రమాణంలో డౌన్‌లోడ్‌కు పైహద్దు అది. అదైనా అవతలి సర్వీస్ ప్రొవైడర్ డిజిటల్ లైన్ మీద ఉండి, దారిలో అనలాగ్, డిజిటల్ మధ్య మార్పు ఒక్కచోటే జరిగితేనే. మధ్యలో ఆఫీసు ఎక్స్‌ఛేంజ్ లాంటిది ఇంకొకటి తగిలితే, ఎంత మంచి మోడెమ్ పెట్టినా 33.6 దాటదు. అమెరికాలోనైతే సిగ్నల్ పవర్ మీద ఉన్న నిబంధన వల్ల 53 దగ్గరే ఆగిపోయేది. నన్నడిగితే 44 దగ్గర నిలకడగా ఉండే లైన్ మంచి లైనే. అనుమానం తీరాలంటే అదే మోడెమ్‌ను వేరే లైన్‌కు తగిలించి చూడండి. వేగం మారిందంటే లోపం లైన్‌లోనే ఉంది. అప్పుడు అదే లైన్ మీదున్న మిగతా ఫోన్లు, పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైర్లు తీసేసి మళ్లీ డయల్ చేయండి.

115200 మాటలో కాస్త నిజముంది. అది కంప్యూటర్‌కూ మోడెమ్‌కూ మధ్య వేగం (సెకనుకు బిట్లలో), టెలిఫోన్ లైన్‌ది కాదు. మోడెమ్ డేటాను కుదించి పంపుతుంది కాబట్టి పోర్ట్ వేగం లైన్ కంటే ఎక్కువ ఉండాలి, అంతవరకు సరే. కానీ బాగా పాత యంత్రాల్లో సీరియల్ పోర్ట్ చిప్ 8250 లేదా 16450 ఉంటుంది. వాటికి ఒక్క బైటే నిల్వ. ప్రాసెసర్ అందుకునేలోపు తర్వాతి బైట్ వచ్చి పడుతుంది, డేటా పోతుంది, మళ్లీ పంపాల్సి వస్తుంది. 16 బైట్ల బఫర్ ఉన్న 16550ఏ చిప్‌తో ఈ తలనొప్పి చాలావరకు తగ్గింది. పాత చిప్ ఉంటే 38400కో 19200కో దించండి. దించితేనే పని వేగంగా సాగుతుంది!

20 శాతం కథ విండోస్ ఎక్స్‌పీ కాలం నాటిది. ఏదైనా ప్రోగ్రామ్ ప్రత్యేకంగా ప్రాధాన్యం అడిగినప్పుడే ఆ కేటాయింపు, లేకపోతే బ్యాండ్‌విడ్త్ (లైన్ మోయగల డేటా) అంతా మనదేనని మైక్రోసాఫ్టే చెప్పింది.

ఇక 'నో డయల్ టోన్', అంటే ఎర్రర్ 680. ముందు వైర్ 'ఫోన్' అని ఉన్న జాక్‌లో కాక 'లైన్' జాక్‌లో ఉందో లేదో చూడండి. తర్వాత అదే వైర్‌కు మామూలు ఫోన్ పెట్టి వినండి. టోన్ వినిపించినా మోడెమ్ గుర్తించకపోవచ్చు. వాయిస్ మెయిల్ ఉన్నప్పుడు టోన్ తెగి తెగి వస్తుంది, ఆఫీసు ఎక్స్‌ఛేంజ్ టోన్ కూడా వేరుగా ఉంటుంది. మోడెమ్ సెట్టింగ్స్‌లో అదనపు కమాండ్‌గా 'ఎక్స్3' (X3) రాస్తే చాలా మోడెమ్‌లు టోన్ కోసం ఆగకుండా డయల్ చేస్తాయి. అప్పటికీ, వేరే లైన్ మీద కూడా డయల్ కాకపోతే పిడుగు దెబ్బకు మోడెమ్ లైన్ భాగం పోయి ఉండొచ్చు. అప్పుడు మార్చండి, కాదనను. కానీ 691 వస్తే మాత్రం వద్దు. అది యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ దగ్గర వచ్చే ఎర్రర్. అక్కడిదాకా చేర్చింది ఆ మోడెమే.