కిక్కర్ చదువు ఖర్చు ఎవరు భరించాలి?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో అందరికంటే తక్కువసేపు మైదానంలో కనిపించేవారిలో కిక్కర్ ఒకడు. గంట ఆటలో స్కోరు కోసం అతను బంతిని తన్నేది ఏ నాలుగైదు సార్లో. కానీ జట్టు రెండు పాయింట్లు వెనకబడి, గడియారంలో మూడు సెకన్లు మిగిలినప్పుడు అందరి చూపూ అతని కాలి మీదే. 18 అడుగుల 6 అంగుళాల ఎడం ఉన్న రెండు స్తంభాల మధ్య నుంచి బంతి పోతే మూడు పాయింట్లు, విజయం. పోకపోతే వారమంతా నిందలు. ఇంత బరువు మోసే కుర్రాళ్లలో ఎంతోమంది సొంత డబ్బుతో ఫీజు కట్టుకుంటున్నారు. వారిని అక్కడ వాకాన్లు అంటారు. జట్టులో చోటుంటుంది, స్కాలర్‌షిప్ ఉండదు. ఈ పద్ధతికి ఇన్నేళ్లూ చెబుతూ వచ్చిన కారణం ఇక చెల్లదని మేము భావిస్తున్నాము.

ఆ కారణం 85 అనే అంకె. అగ్రశ్రేణి జట్టు ఏదైనా 85 మందికి మించి స్కాలర్‌షిప్ ఇవ్వరాదని కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ 1990ల నుంచి నిబంధన అమలు చేసింది. వాటిని పంచేటప్పుడు బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌లు, ముందు వరసలో తలపడే లైన్‌మన్‌ల అవసరాలు ముందుకొచ్చేవి. కిక్కర్‌ను మాత్రం చాలాచోట్ల సొంత ఖర్చుతో చేరి సత్తా చూపించమనేవారు. సత్తా చూపించడమంటే ఎంత కాలం? రోడ్రిగో బ్లాంకెన్‌షిప్ 2015లో జార్జియా విశ్వవిద్యాలయంలో వాకాన్‌గా చేరాడు. 2016లో కెంటకీపై చివరి క్షణంలో గెలుపు గోల్ కొట్టాడు. అప్పటికీ స్కాలర్‌షిప్ రాలేదు. 2017 సెప్టెంబరులో నోటర్ డామ్‌ను 20-19తో ఓడించిన రాత్రి, ఆ గెలుపు గోల్ కూడా అతని కాలి నుంచే వచ్చాక, లాకర్ గదిలో ఆ కబురు చెప్పారు. 2019లో అతనే దేశంలో ఉత్తమ కిక్కర్‌కు ఇచ్చే లూ గ్రోజా అవార్డు అందుకున్నాడు. ఆ లాకర్ గది సంబరాన్ని మేము తక్కువ చేయడం లేదు. అయితే అంతకు ముందరి రెండేళ్ల బిల్లుల సంగతి ఆ సంబరంలో మరుగున పడిపోయింది.

2025 జూన్ 6న ఎన్‌సీఏఏపై ఆటగాళ్లు వేసిన హౌస్ కేసులో రాజీ ఒప్పందాన్ని న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించారు. అందులో చేరిన విశ్వవిద్యాలయాలకు 85 పరిమితి పోయింది. దాని స్థానంలో జట్టు మొత్తం 105 మందికి మించరాదన్న హద్దు వచ్చింది. కావాలంటే ఆ 105 మందికీ స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు. పైగా 2025-26లో ఒక్కో విశ్వవిద్యాలయం ఆటగాళ్లకు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు నేరుగా పంచవచ్చు. కొత్తగా పెంచే స్కాలర్‌షిప్‌లలో 25 లక్షల డాలర్ల మేరకు ఈ మొత్తంలోనే లెక్కకు వస్తాయి. కాబట్టి కిక్కర్‌కు ఇస్తే మరొకరి వాటా తగ్గుతుందన్న వాదనలో నిజం ఉంది. కానీ ఇవ్వకపోవడం ఇప్పుడు విశ్వవిద్యాలయం సొంత నిర్ణయం. దాన్ని నిబంధన మీదికి నెట్టడం కుదరదు.

105 హద్దు వాకాన్లకు మరో విధంగా దెబ్బ. 2021లో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయ జట్టులో 123 మంది ఉండేవారు. వారిలో 36 మంది వాకాన్ల ఫీజును ఒక ఆహార సంస్థ ప్రచార ఒప్పందం కింద కట్టడానికి ముందుకొచ్చింది. అంత పెద్ద జట్టును 105కు కుదిస్తే 18 మంది ఇంటిదారి పట్టాలి. ఈ ముప్పును గుర్తించే విల్కెన్, హద్దు కారణంగా చోటు పోయినవారు లెక్కలోకి రాకుండా తిరిగి ఆడే వీలు కల్పించాలని పట్టుబట్టారు. ఆ రక్షణ అప్పటికే జట్టులో ఉన్నవారికి, చోటు హామీ పొందినవారికి పరిమితం. రేపు హైస్కూలు ముగించే కిక్కర్‌కు అది వర్తించదు.

ఇక జట్టు మారే నిబంధనలు. ఒకప్పుడు మారితే ఏడాది ఆటకు దూరంగా కూర్చోవాల్సిందే. క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్ వాకాన్‌గా టెక్సస్ టెక్‌లో ఆడి, స్కాలర్‌షిప్ లేకుండానే ఓక్లహోమాకు వెళితే, ఆ రెండు జట్లూ ఆడే లీగ్ బిగ్ 12 కాన్ఫరెన్స్ అతను కాలేజీ ఆట ఆడగల కాలంలో ఒక ఏడాదినే తీసేసింది. 2016 జూన్‌లో మొదట కాదని, మరునాడు మనసు మార్చుకుని ఆ ఏడాదిని తిరిగి ఇచ్చింది. అలా దక్కిన 2017 సీజన్‌లోనే అతను దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. 2021లో ఒక్కసారి మాత్రం మారి వెంటనే ఆడే వీలు, 2024 నుంచి చదువులో అర్హత ఉన్నంతవరకు ఎన్నిసార్లైనా వెంటనే మారి ఆడే స్వేచ్ఛ వచ్చింది. దీన్ని మేము మనస్ఫూర్తిగా సమర్థిస్తాము. గుర్తించని చోట ఉండిపోవలసిన అవసరం కుర్రాడికి లేదు.

అయితే ఇదే తలుపు గుండా మరొకరు లోపలికి రావచ్చు. రెండేళ్లు ఓపికగా సాధన చేసిన వాకాన్‌ను పక్కనపెట్టి, మరో కాలేజీలో నిరూపించుకున్న కిక్కర్‌ను తెచ్చుకోవడం కోచ్‌కు సులువైంది. కిక్కర్ స్థానంలో ఆడేది ఒక్కడే కనుక రెండోవాడికి వేరే చోటు దొరకదు. 2026 నుంచి జట్టు మారడానికి పేరు నమోదు చేసుకునే గడువు జనవరి 2 నుంచి 16 వరకే. ఏప్రిల్ గడువును ఎత్తేశారు. వసంత కాలపు సాధన శిబిరాలు మొదలయ్యేది ఆ తర్వాత. తన స్థానం ఏమిటో కుర్రాడికి తెలిసేసరికి గడువు దాటిపోతుంది.

డల్లాస్, అట్లాంటా చుట్టుపక్కల తెలుగు కుటుంబాల పిల్లలు చదివే హైస్కూళ్లలో శుక్రవారం రాత్రి ఈ ఆటే పండుగ. సొంత రాష్ట్రం దాటి చదివితే ఫీజు ఎంత పెరుగుతుందో ఆ తల్లిదండ్రులకు చెప్పనక్కరలేదు. చోటు ఇస్తామన్న నోటిమాటను నమ్మి అప్పు చేయవలసిన స్థితి ఏ కుటుంబానికీ రాకూడదు.

అందుకే మేము కోరేది ఇది. వాకాన్ చేరేటప్పుడే ఏం చేస్తే, ఎప్పటికి స్కాలర్‌షిప్ వస్తుందో రాసి ఇవ్వాలి. ప్రధాన కిక్కర్‌గా మైదానంలోకి దిగిన సెమిస్టర్ నుంచే అతని ఫీజు విశ్వవిద్యాలయం కట్టాలి. వచ్చే ఏడాది చోటు ఉంటుందో లేదో జనవరి 2కు ముందే చెప్పాలి. గడువు ముగిశాక తొలగిస్తే, ఆ ఆటగాడికి మాత్రం ఎప్పుడైనా జట్టు మారే వీలు ఎన్‌సీఏఏ నిబంధనల్లో స్పష్టంగా ఉండాలి.