వెనక్కి పోని బండికి కడపే తగిన ఊరు

అమెరికాలో కొందరు రిటైరయ్యాక ఇల్లు అమ్మేసి బస్సు కొంటారు. వంటగది, మంచం, స్నానాలగది అన్నీ అందులోనే. దాన్ని మోటర్‌హోమ్ అంటారు. పెద్దదైతే 45 అడుగులుంటుంది. అంత బండేసుకుని కూరగాయలకు పోలేరు కాబట్టి వెనకాల ఓ కారు తగిలించుకుని తిరుగుతారు. చాలా రాష్ట్రాల్లో దీనికి మామూలు కారు లైసెన్సే చాలు. మన దగ్గర స్కూటరుకు కూడా ఎనిమిది వేయించి చూస్తారు.

అక్కడుండే మా అన్న కొడుకు ఇప్పుడీ విద్య నేర్చుకుంటున్నాడు. ఖాళీ పార్కింగ్ స్థలంలో ప్లాస్టిక్ కోన్లు పేర్చి, ఫోన్లో నాకు చూపించాడు.

"ఒకటే రూలు చిన్నాయనా. కారు తగిలించినాక రివర్స్ వేయకూడదు. ఒక్క గజం కూడా."

"ఎదురుగా బస్సొస్తే?"

"ఎందుకొస్తాది? ఎవరి లేన్ వాళ్లది కదా!"

కారణమూ వాడే చెప్పాడు. కారు నాలుగు చక్రాలూ నేల మీదే ఉంటాయి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, స్టీరింగ్ లాక్ పడకుండా వదిలేస్తారు. ముందుకు లాగితే చక్రాలు వాటంతటవే దారికి తిరుగుతాయి. వెనక్కి నెట్టామా, ఏదో ఒక పక్కకు పూర్తిగా మెలిపడి అడ్డంగా ఈడ్చుకుపోతాయి, మధ్యలోని ఇనుప కడ్డీ వంగిపోతుంది. ట్రాలీని సందులోకి వెనక్కి దూర్చే మన ట్రాక్టర్ డ్రైవర్ల పనితనం కూడా ఇక్కడ చెల్లదు. దారి తప్పితే దిగి, కారు విప్పి, రెండిటినీ విడివిడిగా తిప్పుకుని మళ్లీ తగిలించుకోవాల్సిందే.

ఇది వినగానే నాకు తేలిపోయింది. ఈ విద్యకు అంతర్జాతీయ శిక్షణ కేంద్రం పెట్టాల్సింది కడపలోనే. రివర్స్ వేయొద్దని అమెరికావాళ్లకు నేర్పాలి. మనకు రివర్స్ వేయమని చెప్పే ధైర్యం ఇంతవరకు ఎవరికీ రాలేదు. పాత ఊరి సందులో రెండు ఆటోలు ఎదురుపడినప్పుడు చూడండి. ఇద్దరూ ఇంజన్ ఆపేస్తారు. ఒకాయన బీడీ వెలిగిస్తాడు. రెండో ఆయన సెల్‌లో ఎవరితోనో ధాన్యం రేటు మాట్లాడుతుంటాడు. వెనక పాలవ్యాను, దాని వెనక పెళ్లికొడుకు కారు. ఇరుపక్కల అరుగుల మీది పెద్దమనుషులు "రానీ, రానీ" అంటుంటారు, ఎవర్నో మాత్రం చెప్పరు. చివరికి వెనక్కి పోయేది ఏ సంబంధమూ లేని సైకిలాయన.

రెండో పాఠం తోక. ఇంత పొడుగు బండి ఎడమకు తిరిగితే వెనక భాగం కుడికి విసురుతుంది. దీనికి ఏడు రోడ్ల సర్కిల్ కన్నా మంచి మైదానం ఎక్కడుంది? బజ్జీల బండాయన తల ఎత్తకుండానే బాణలి పక్కకు లాగేసుకుంటాడు. ప్లాస్టిక్ కోనుకు ఆ తెలివి ఉందా?

ఫైనల్ పరీక్ష గువ్వలచెరువు ఘాట్‌లో పెట్టాలి. దిగుడులో వెనకున్న కారు బరువు ముందు బండిని తోస్తుంది. అందుకని అమెరికాలో ఆ కారు బ్రేక్ పెడల్ తొక్కడానికి ఒక యంత్రం బిగిస్తారు. మనం బావమరిదిని కూర్చోబెడితే సరిపోతుంది. పాసైనవాళ్లకు సర్టిఫికెట్‌తో పాటు గువ్వలచెరువు పాలకోవా.

ఒక్క చట్టంతోనే చిక్కు. 1989 నాటి రోడ్డు నియమాల్లో చెడిపోయిన బండినో, పూర్తిగా బిగించని బండినో, రిజిస్టరైన ట్రైలర్‌నో, సైడ్‌కారునో తప్ప మరో బండిని లాక్కెళ్లకూడదని రాశారు. లాగినా గంటకు 24 కిలోమీటర్లు దాటకూడదు. 2017లో కొత్త నియమాలొచ్చాయి గానీ, పెద్దల మాట కాబట్టి మనం పాతవే పట్టుకుందాం. బాగున్న కారును లాగితే నేరం. కనుక బయల్దేరే ముందు స్పార్క్ ప్లగ్గులు ఊడదీసి జేబులో వేసుకుంటే, అది నిక్షేపంగా చెడిపోయిన కారే. ఆ వేగంతో తిరుపతి చేరడానికి ఆరు గంటలు పడుతుంది. తిండీ నిద్రా ఎలాగూ బండిలోనే. ప్లగ్గులు ఎవరి జేబులో ఉన్నాయో మాత్రం రాజంపేట దాటకముందే అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే బావమరిది టీకి దిగేది అక్కడే.