కెర్నల్ ట్రేసింగ్ టూల్‌కి అసలు పరీక్ష అది ఆఫ్‌లో ఉన్నప్పుడే

ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ అయిన కెర్నల్‌లో ఒక డ్రైవర్ బగ్ వెంట పది రోజులు తిరిగాను. లోడ్ బాగా పెరిగినప్పుడు, అదీ గంటకోసారో రెండు గంటలకోసారో, డ్రైవర్ ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. అందరూ చేసే పనే నేనూ చేశాను, అనుమానం ఉన్న చోట ఒక ప్రింట్‌కే, అంటే కెర్నల్ నుంచి మెసేజ్ రాసే ఫంక్షన్, పెట్టాను. బగ్ మాయం. తీసేస్తే మళ్లీ ప్రత్యక్షం. తలప్రాణం తోకకొచ్చింది.

కూర్చుని లెక్క వేస్తే విషయం అర్థమైంది. ఆ బోర్డు మెసేజ్‌లు పంపేది సీరియల్ కన్సోల్‌కి, వేగం 115200 బాడ్, అంటే సెకనుకి సుమారు 11,520 అక్షరాలు. 80 అక్షరాల లైను ఒక్కటి బయటికి వెళ్లడానికి దాదాపు 7 మిల్లీసెకన్లు. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కి ఆలోపు రెండు కోట్ల సైకిళ్లు గడిచిపోతాయి. నేను వెతుకుతున్నదేమో రెండు కోర్ల మధ్య కొన్ని వందల సైకిళ్ల తేడాలో జరిగే రేస్, అంటే ఏది ముందు జరిగిందన్నదాన్ని బట్టి వచ్చే తప్పు. అంత ఆలస్యం మధ్యలో దూర్చి, రేస్ ఎందుకు జరగట్లేదా అని తల పట్టుకున్నాను. అదే మెసేజ్‌ని ట్రేస్_ప్రింట్‌కేతో రాస్తే అది కన్సోల్ జోలికి పోకుండా ఆ సీపీయూకి చెందిన రింగ్ బఫర్‌లో (నిండితే మళ్లీ మొదటి నుంచి రాసుకునే మెమరీ ముక్క) పడుతుంది, మెమరీలో రాసుకుని ముందుకెళ్లిపోతుంది. సగం రోజులో బగ్ దొరికింది.

అప్పటి నుంచి ఇలాంటి ట్రేసింగ్ టూల్‌ని, అంటే నడుస్తున్న కెర్నల్ లోపల ఏం జరుగుతోందో చూపించేదాన్ని, చూసే తీరు మారింది. ఆన్ చేస్తే ఏం చూపిస్తుందో చూసి మెచ్చుకోవడం తేలికే, కానీ డిజైన్ చేసేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఆఫ్‌లో ఉన్నప్పుడు అది ఎంత బరువో. ఎందుకంటే కష్టమైన బగ్‌లు మన టేబుల్ మీది టెస్ట్ మెషీన్‌లో రావు, నెలల తరబడి ఆగకుండా నడుస్తున్న ప్రొడక్షన్ సర్వర్‌లో వస్తాయి, డీబగ్ కెర్నల్ వేసి రీబూట్ చేస్తే ఆ పరిస్థితే చెరిగిపోతుంది. కాబట్టి టూల్ ముందే అక్కడ ఉండాలి. అన్ని మెషీన్లలో ఎప్పుడూ ఉండాలంటే, వాడనప్పుడు దాని ఖర్చు సున్నాకి దగ్గరగా ఉండాలి.

2005లో సొలారిస్ 10 ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చిన డీట్రేస్ అనే ట్రేసింగ్ టూల్ ఈ మాటనే పట్టుకుని నిలబడింది. లినక్స్‌లో 2008లో కెర్నల్ 2.6.27 వెర్షన్‌తో వచ్చిన ఎఫ్‌ట్రేస్ దారి ఇంకా ఆసక్తికరం. కంపైలర్ దాదాపు ప్రతి ఫంక్షన్ మొదట్లో ఒక కాల్ పెడుతుంది, ఎక్స్86 ప్రాసెసర్లలో అది 5 బైట్లు. బూట్ అయ్యేటప్పుడు కెర్నల్ ఆ కాల్స్ అన్నిటినీ ఏమీ చేయని నాప్‌గా మార్చేస్తుంది. ట్రేస్ చేయమని అడిగినప్పుడే, అడిగిన ఫంక్షన్లలోనే, మళ్లీ కాల్ అవుతుంది. పైగా వాడటానికి ఎకో, క్యాట్ అనే మామూలు కమాండ్లు చాలు. ఏమీ ఇన్‌స్టాల్ చేయలేని చిన్న బోర్డు మీద పని చేసినవాళ్లకి దాని విలువ నేను చెప్పక్కర్లేదు.

కానీ నడుస్తున్న కెర్నల్ కోడ్‌ని తిరగరాయడం నిప్పుతో పని. 2.6.27 ఇంకా తయారవుతున్న రోజుల్లో ఇంటెల్ ఈ1000ఈ నెట్‌వర్క్ కార్డులు పాడైపోవడం మొదలైంది, కార్డులోని ఫ్లాష్ మెమరీ చెడిపోయి ఇక పనిచేయకుండా పోయాయి. అందరూ డ్రైవర్‌నే అనుమానించారు. తీరా చూస్తే దోషం ఎఫ్‌ట్రేస్‌ది. మార్చాల్సిన కాల్స్ అడ్రస్‌లను అది రాసిపెట్టుకునేది. మాడ్యూల్ (కెర్నల్‌కి విడిగా చేర్చే కోడ్) మొదలయ్యేటప్పుడు నడిచే ఇనిట్ కోడ్ పని అయిపోగానే ఆ మెమరీ ఖాళీ అవుతుంది, కానీ జాబితాలో అడ్రస్ అలాగే ఉండిపోయింది. తర్వాత అదే అడ్రస్‌కి కార్డు ఫ్లాష్ మ్యాప్ అయింది. ఎఫ్‌ట్రేస్ వచ్చి కంపేర్-ఎక్స్‌ఛేంజ్ (పాత విలువతో పోల్చి, సరిపోతేనే మార్చే ఇన్‌స్ట్రక్షన్) చేసింది. పాత విలువ సరిపోలకపోతే అది ఏమీ మార్చదు కదా అని మన ధీమా, కానీ పోలిక తప్పినా ప్రాసెసర్ పాత విలువనే తిరిగి రాస్తుంది. మామూలు మెమరీలో దానివల్ల నష్టం లేదు. డివైస్ విషయంలో మాత్రం రాత రాతే. కంచే చేను మేసింది.

2.6.27.1లో డైనమిక్ ఎఫ్‌ట్రేస్‌ని ఆపేశారు. ఆ తర్వాత అడ్రస్‌లను కంపైల్ సమయంలోనే సేకరించే పద్ధతికి మారారు. ఇప్పుడైతే కోడ్ మార్చేముందు అక్కడ ఉండాల్సిన బైట్లే ఉన్నాయా అని చదివి చూస్తుంది, తేడా కనిపిస్తే హెచ్చరిక ఇచ్చి ఫంక్షన్ ట్రేసింగ్‌ని తనంతట తానే మూసేస్తుంది. ఈ చివరి గుణం నాకు అన్నిటికంటే నచ్చుతుంది. అనుమానం వచ్చిన క్షణంలో పక్కకి తప్పుకోవడం ప్రతి డీబగ్ టూల్‌కీ మొదటి రోజే నేర్పాలి, ఎందుకంటే అది పనిచేసేదే ఇప్పటికే ఏదో తేడాగా ఉన్న సిస్టమ్ మీద.

ఇలాంటి జాగ్రత్త మిగతా టూల్స్‌లోనూ ఉంది. డీట్రేస్ భాషలో లూప్‌లు ఉండవు, కెర్నల్ లోపల చిన్న ప్రోగ్రామ్‌లు నడిపించే ఈబీపీఎఫ్‌లో ప్రోగ్రామ్ లోడ్ అయ్యేముందు వెరిఫయర్ అనే తనిఖీ భాగం దాన్ని అణువణువూ పరిశీలిస్తుంది. వెరిఫయర్ తిరస్కరించిన ప్రతిసారీ చిరాకే, నాకూ టెన్షన్ తెప్పించింది, అయినా నేను దాని పక్షమే. మాడ్యూల్ రాసి దూర్చడం కంటే ఆ చిరాకు మేలు. మెమరీ తప్పులు పట్టే కేసాన్ మరో కోవ. షాడో, అంటే ఏ మెమరీ ముట్టుకోవచ్చో రాసిపెట్టుకునే పట్టిక, కోసమే మెమరీలో ఎనిమిదో వంతు తీసుకుంటుంది, టెస్టింగ్‌కి అద్భుతం, ప్రొడక్షన్‌కి మోయలేని బరువు. అందుకే 2021లో కెఫెన్స్ వచ్చింది, అన్ని కేటాయింపులనూ కాకుండా అప్పుడప్పుడు ఒకదాన్ని తీసి గార్డ్ పేజీల (ముట్టుకుంటే వెంటనే తప్పు బయటపడే మెమరీ) మధ్య పెడుతుంది. ఒక్క మెషీన్‌లో దొరక్కపోవచ్చు, వేల మెషీన్లలో ఎక్కడో ఒక చోట దొరుకుతుంది.

ఇక ఎక్కువమంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ట్రేస్‌పాయింట్, అంటే ఇక్కడికి వచ్చినప్పుడు ఒక ఈవెంట్ నమోదు చేయమని కోడ్‌లో శాశ్వతంగా పెట్టే గుర్తు, పెట్టామంటే ఒక రకంగా మాట ఇచ్చినట్టే. ప్రతి ఈవెంట్‌లోనూ ఉండే లాక్-డెప్త్ అనే ఫీల్డ్‌కి పని అయిపోయింది కదా అని తీసేస్తే కరెంటు వాడకం చూపించే పవర్‌టాప్ అనే టూల్ పనిచేయడం మానేసింది, ఈవెంట్ ఆకారం అలాగే ఉంటుందని అది నమ్ముకుంది మరి. దాంతో ప్రతి ఈవెంట్‌లో 4 బైట్ల ఖాళీని తిరిగి మోయాల్సి వచ్చింది. ఈ భయంతోనే కొందరు మెయింటెయినర్లు తమ కోడ్‌లో ట్రేస్‌పాయింట్లు వద్దంటారు. వాళ్ల బాధ నిజమే, కానీ అసలే పెట్టకపోతే రాత్రి రెండింటికి సర్వర్ ముందు కూర్చున్న మనిషికి గుడ్డి దీపం కూడా ఉండదు. కోడ్ ఎంత మారినా అర్థం మారని చోట్ల మాత్రం పెట్టి, మిగతాది, నడుస్తున్న కెర్నల్‌లో కావలసిన చోట అప్పటికప్పుడు తగిలించుకునే, ఏ హామీ లేని కెప్రోబ్‌కి వదిలేయడం మంచిదని నా అభిప్రాయం.

ఆ డ్రైవర్‌లో చివరికి మూడే ట్రేస్‌పాయింట్లు పెట్టాను: రిక్వెస్ట్ లోపలికి వచ్చినప్పుడు, హార్డ్‌వేర్‌కి అప్పగించినప్పుడు, జవాబు తిరిగి వచ్చినప్పుడు. నన్ను పది రోజులు తిప్పిన రేస్ రెండో దానికీ మూడో దానికీ మధ్య జరిగేది.